పాస్‌వర్డ్‌లో సగం ఇవ్వడం కుదరదు

మధ్యతరగతి కుటుంబం డబ్బు ఒకచోట ఉండదు. జీతం పడేది ఒక బ్యాంకులో, ఇంటి రుణం మరో బ్యాంకులో, సొంత ఊళ్ళో చదువుకునే రోజుల్లో తెరిచిన పాత ఖాతా ఇంకోచోట. వీటికి తోడు భవిష్యనిధి, బీమా పాలసీలు, మ్యూచువల్ ఫండ్లు, రెండు మూడు క్రెడిట్ కార్డులు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబమైతే అక్కడి పదవీ విరమణ నిధి, ఇక్కడి ఎన్నారై ఖాతా కూడా ఈ చిట్టాలో చేరతాయి. నెలాఖరున మొత్తం ఎంత ఉందో, ఎంత ఖర్చయిందో తెలియాలంటే పది చోట్ల లాగిన్ కావాలి, పది పాస్‌వర్డ్‌లు గుర్తుండాలి. ఇదంతా ఒకే తెర మీద కనిపిస్తే బాగుండునన్న కోరికలో తప్పేమీ లేదు. కార్డు బిల్లు గడువు దాటకుండా చూసుకోవడానికి, మరచిపోయిన ఖాతాలో ఏమైనా తేడా జరిగితే వెంటనే పసిగట్టడానికి అది నిజంగా పనికొస్తుంది. నెలకొకసారైనా తెరవని ఖాతా కంటే రోజూ కంటపడే ఖాతాయే భద్రం.

ఖాతాలను ఒకచోట చేర్చి చూపే వెబ్‌సైట్లు ఈ కోరిక నుంచే పుట్టాయి. చిక్కంతా అవి మొదట్లోనే అడిగిన మూల్యంలో ఉంది. బ్యాంకు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ తమకు ఇవ్వమన్నాయి.

1999లో అమెరికాలో మొదలైన యోడ్లీ ఈ రంగంలో తొలి అడుగులు వేసిన సంస్థల్లో ఒకటి. ఖాతాదారు ఇచ్చిన పాస్‌వర్డ్‌తో దాని కంప్యూటర్లు బ్యాంకు వెబ్‌సైట్‌లోకి అచ్చం ఖాతాదారులాగే ప్రవేశించి, పేజీ మీది నిల్వలను, లావాదేవీలను చదివి తెచ్చేవి. ఈ పద్ధతికి స్క్రీన్ స్క్రేపింగ్ అని పేరు. 2007లో వచ్చిన మింట్ అనే వెబ్‌సైట్ దీన్ని సామాన్యుల ఇళ్ళకు చేర్చింది. తిండి, అద్దె, పెట్రోలు అంటూ ఖర్చులను తానే విడగొట్టి చూపేది, పైసా తీసుకునేది కాదు. రెండేళ్ళకే ఇంట్యూట్ సంస్థ దాన్ని 17 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసింది, 2024 మార్చిలో మూసివేసింది. 2013లో పుట్టిన ప్లాయిడ్ తెర వెనుక ఉండి, ఇతర యాప్‌లకు బ్యాంకు ఖాతాలను కలిపిపెట్టే పని చేపట్టింది. ఆ పని ఎంత విలువైనదంటే, 2020 జనవరిలో వీసా సంస్థ 530 కోట్ల డాలర్లకు ప్లాయిడ్‌ను కొనడానికి ఒప్పందం చేసుకుంది. పోటీకి దెబ్బ తగులుతుందని అమెరికా న్యాయశాఖ దావా వేయడంతో మరుసటి ఏడాది ఆ ఒప్పందం రద్దయింది.

వీటిలో మూలనపడి ఉండే అనామక సైట్లు లేవు. కోట్ల మంది వాడారు, కొన్ని పెద్ద బ్యాంకులు తామే ఇలాంటి సేవను తమ ఖాతాదారులకు అందించాయి. 2001 ఫిబ్రవరిలోనే అమెరికా జాతీయ బ్యాంకుల నియంత్రణ కార్యాలయం ఆ సేవలందించే బ్యాంకులకు మార్గదర్శకాలు జారీచేసింది. అందువల్ల ప్రశ్న ఫలానా సంస్థ మంచిదా, చెడ్డదా అన్నచోట ఆగిపోకూడదు. ఎంత నిజాయతీ గల సంస్థ చేతికిచ్చినా పాస్‌వర్డ్ ఎలా ప్రవర్తిస్తుందో ముందుగా చూడాలి.

బాధ్యత తెలిసిన బ్యాంకు తన ఖాతాదారు పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్టు దాచుకోదు. బియ్యాన్ని మరలో పోసి పిండి ఆడించినట్టు, దాన్ని తిరిగి వెనక్కి రాబట్టలేని రూపంలోకి మార్చి ఆ రూపాన్నే దాస్తుంది. సాంకేతిక భాషలో ఇది హ్యాష్. లాగిన్ అయ్యేటప్పుడు టైపు చేసిన పాస్‌వర్డ్‌ను మళ్ళీ అదే మరలో పోసి, వచ్చిన పిండి పాత పిండితో సరిపోలిందా అని చూస్తుంది. బ్యాంకు కంప్యూటర్లలోకి దొంగలు చొరబడినా వారికి దొరికేది పిండే. అందులోంచి గింజలు రాబట్టాలంటే కోట్ల ఊహలు చేసి ఒక్కొక్కదాన్నీ పరీక్షించాలి. పాస్‌వర్డ్ గట్టిదైతే ఆ పని దాదాపు అసాధ్యం.

ఖాతాలను చేర్చి చూపే సంస్థకు ఈ వెసులుబాటు లేదు. అది రోజూ వెళ్ళి బ్యాంకు తలుపు తట్టాలి, తట్టిన ప్రతిసారీ అసలు పాస్‌వర్డే చెప్పాలి. పిండి దాచుకుంటే దాని పని జరగదు, గింజలే కావాలి. అందుకని ఎన్‌క్రిప్షన్‌తో తాళం వేసి దాచినా, ఎప్పుడు కావాలంటే అప్పుడు తెరవగలిగే తాళమే వేయాలి. తెరిచే కీ కూడా ఆ సంస్థ అదుపులోనే ఉండాలి. జాగ్రత్త గల సంస్థలు ఆ కీని ప్రత్యేక పరికరాల్లో విడిగా ఉంచుతాయి, సిబ్బంది కంటపడకుండా చూస్తాయి. అయినా లక్షల కుటుంబాల బ్యాంకు పాస్‌వర్డ్‌లు తెరవగలిగే రూపంలో ఒకేచోట పోగుపడ్డాయన్న వాస్తవం మారదు. ఒక బ్యాంకులో దొంగతనం జరిగితే ఆ ఒక్క బ్యాంకు ఖాతాలకే ముప్పు. ఇక్కడ జరిగితే ఒక్కో మనిషికి ఉన్న అన్ని బ్యాంకుల తలుపులూ ఒకేసారి తెరుచుకుంటాయి. సౌకర్యానికి కారణమైన పోగే ప్రమాదానికీ కారణం. ఎంత మంచి ఇంజనీరును పెట్టుకున్నా ఈ పద్ధతిలో దీనికి విరుగుడు లేదు.

రెండో ఇబ్బంది ఇంకా మౌలికమైనది. అమెరికా బ్యాంకుల్లో ఖాతాలో ఎంత ఉందో చూడటానికి ఒక పాస్‌వర్డ్, డబ్బు పంపడానికి మరో పాస్‌వర్డ్ అని సాధారణంగా ఉండవు. ఒక్కదానితోనే చిరునామా మార్చవచ్చు, చెక్కు పుస్తకం కోరవచ్చు, కొత్త గ్రహీతను చేర్చవచ్చు. నిల్వ చూసి చెప్పమని పాస్‌వర్డ్ ఇవ్వడం సంతకం చేసిన ఖాళీ చెక్కు చేతిలో పెట్టడం లాంటిది. వడ్డీ వ్యాపారి దగ్గర అప్పు తీసుకుంటూ ఖాళీ చెక్కులు, ఖాళీ ప్రామిసరీ నోట్లు ఇచ్చి, బాకీ తీరాక కూడా వాటిని తిరిగి రాబట్టుకోలేక కోర్టుల చుట్టూ తిరిగిన కుటుంబాలు తెలుగు జిల్లాల్లో కొత్తేమీ కాదు. ఖాళీ కాగితం మీద అవతలివారు ఏం రాస్తారన్నది వారి మంచితనం మీదే ఆధారపడుతుంది. పాస్‌వర్డ్ కూడా అంతే.

వెనక్కి తీసుకోవడం కూడా చెక్కు కంటే కష్టమే. ఫోనులోంచి యాప్ తీసేస్తే ఆ సంస్థ సర్వరులోని పాస్‌వర్డ్ చెరిగిపోదు. ఖాతా మూసేయమని అడగాలి, నిజంగా చెరిపారో లేదో తెలుసుకునే దారి ఉండదు. నమ్మకంగా మిగిలేది బ్యాంకు పాస్‌వర్డ్ మార్చుకోవడం ఒక్కటే. దానితో ఒక్క సేవే కాదు, అదే పాస్‌వర్డ్ ఇచ్చిన సేవలన్నీ ఒక్కసారే తెగిపోతాయి. ఒకరికి ఆపి మరొకరికి కొనసాగించడం వీలు కాదు.

బ్యాంకు వైపు నుంచి చూస్తే మరో చిక్కు కనిపిస్తుంది. అర్ధరాత్రి ఎక్కడో ఉన్న కంప్యూటర్ నుంచి సరైన పాస్‌వర్డ్‌తో ఎవరో లోపలికి వచ్చారు. వచ్చింది ఖాతాదారు పంపిన యంత్రమా, పాస్‌వర్డ్ దొంగిలించిన మోసగాడా? బ్యాంకుకు రెండూ ఒకేలా కనిపిస్తాయి. 2015 చివరలో అమెరికాలోని కొన్ని పెద్ద బ్యాంకులు ఈ యంత్రాల రాకపోకలను అడ్డుకున్నాయి, ఖాతాలు కనిపించడం లేదని వినియోగదారులు గగ్గోలు పెట్టారు. మరుసటి వసంతంలో జేపీ మోర్గాన్ చేజ్ అధిపతి జేమీ డైమన్ వాటాదారులకు రాసిన వార్షిక లేఖలో, ఖాతాదారులు పాస్‌వర్డ్‌లను ఇలా ఇతరులకు అప్పగించడం గురించి గట్టిగా హెచ్చరించారు. భద్రత మీద ఆ బ్యాంకుల ఆందోళన నిజమైనదే. తమ ఖాతాదారుల సమాచారంతో బయటివారు వ్యాపారం పెంచుకుంటున్నారన్న కంటగింపు కూడా అంతే నిజం. ఈ రెంటినీ విడదీసి చూడకపోతే బ్యాంకుల మాటను పూర్తిగా నమ్మడమో, పూర్తిగా కొట్టిపారేయడమో జరుగుతుంది. 2017 జనవరిలో అదే బ్యాంకు ఇంట్యూట్‌తో ఒప్పందం చేసుకుని, పాస్‌వర్డ్ లేకుండా, ఖాతాదారు అనుమతించిన సమాచారాన్ని మాత్రమే నేరుగా అందించడానికి ఒప్పుకుంది. దారి ఉందని దానితో తేలింది.

అలవాటు చేసే హాని దొంగతనం కంటే నెమ్మదిగా జరుగుతుంది, ఎక్కువ కాలం నిలుస్తుంది. బ్యాంకు పాస్‌వర్డ్‌ను బ్యాంకు పేజీలో తప్ప మరెక్కడా రాయకూడదని ఏళ్ళ తరబడి ప్రజలకు చెబుతున్నారు. ఈ సేవలు దానికి సరిగ్గా విరుద్ధమైన అలవాటు నేర్పాయి. 2020లో టీడీ బ్యాంక్, పీఎన్‌సీ బ్యాంక్ ప్లాయిడ్ మీద వేసిన దావాల్లో ఆరోపణ ఇదే: తమ చిహ్నంతో, తమ పేజీని పోలిన తెర చూపి ఖాతాదారుల నుంచి పాస్‌వర్డ్ తీసుకుంటోందని. వినియోగదారులు ఉమ్మడిగా వేసిన మరో కేసులో ప్లాయిడ్ తప్పు ఒప్పుకోకుండానే 5.8 కోట్ల డాలర్లు చెల్లించి రాజీపడింది. చాలామందికి తాము పాస్‌వర్డ్ ఇచ్చింది బ్యాంకుకు కాదు, ప్లాయిడ్‌కు అన్న సంగతే తెలియదన్నది ఆ కేసులోని ప్రధాన వాదన. నకిలీ పేజీకీ అసలు పేజీకీ తేడా గమనించని అలవాటు ఒకసారి పడితే, దాన్ని వాడుకోవడానికి మోసగాళ్ళు సిద్ధంగానే ఉంటారు.

డబ్బు పోతే ఎవరు భరిస్తారన్నది చివరికి అందరికీ ఎదురయ్యే ప్రశ్న. అమెరికా నిబంధనల ప్రకారం ఖాతాను వాడే సాధనాన్ని ఖాతాదారే మరొకరికి ఇస్తే, ఆ వ్యక్తి చేసిన బదిలీ అనధికారమైనది కాదు, ఆపమని బ్యాంకుకు చెప్పేంతవరకు. పాస్‌వర్డ్ తీసుకున్న సంస్థ దగ్గర దొంగతనం జరిగితే ఆ నష్టం ఎవరి నెత్తిన పడాలన్న వాదన అక్కడ ఏళ్ళ తరబడి సాగింది. భారతదేశంలో మాట మరింత సూటిగా ఉంది. రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఆదేశం ఖాతాదారులకు మంచి రక్షణే ఇచ్చింది. ఖాతాదారు తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా డబ్బు పోయి, మూడు పనిదినాల్లోపు ఫిర్యాదు చేస్తే ఖాతాదారుపై భారం ఉండదు. అయితే చెల్లింపు రహస్యాలను ఇతరులకు చెప్పడం లాంటి నిర్లక్ష్యం వల్ల నష్టం జరిగితే, ఫిర్యాదు చేసేంతవరకు పోయిందంతా ఖాతాదారే భరించాలని ఆ ఆదేశమే చెప్పింది. పాస్‌వర్డ్‌ను మంచి ఉద్దేశంతో ఇచ్చారా, మోసపోయి ఇచ్చారా అన్న విచక్షణకు అందులో పెద్దగా చోటు లేదు.

భారతదేశంలో ఓటీపీ అడ్డు పడటం వల్ల అమెరికా తరహా పాస్‌వర్డ్ సేవలు ఇక్కడ అంతగా పాతుకోలేదు. వాటి స్థానంలో వచ్చినవి మెరుగైనవని చెప్పలేం. కొన్ని ఖర్చుల యాప్‌లు ఫోనులోని ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి అడిగి, బ్యాంకు పంపే సందేశాల నుంచి లెక్క కట్టేవి. ఆ అనుమతి బ్యాంకు సందేశాల దగ్గర ఆగదు. ఓటీపీలు, ఆసుపత్రి సందేశాలు, ఇంటివాళ్ళు పంపినవి అన్నీ దాని కిందికే వస్తాయి. అప్పు ఇచ్చే యాప్‌లు మరో అడుగు ముందుకు వేసి పరిచయస్తుల ఫోను నంబర్లు, ఫొటోలు లాక్కున్నాయి. 2020 చివరలో ఆ నంబర్లకే ఫోన్లు చేసి పరువు తీయడంతో తెలంగాణలో ప్రాణాలు తీసుకున్నవారు ఉన్నారు. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు వరుసగా అరెస్టులు చేశారు. ఫోనులోని ఫైళ్ళు, పరిచయాల జాబితా, కాల్ వివరాల జోలికి రుణ యాప్‌లు వెళ్ళకూడదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో ఆదేశించింది. అవసరానికి మించిన అనుమతి ఇస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఇంతకంటే బాధాకరమైన పాఠం అక్కర్లేదు.

ఈ నేపథ్యంలోనే, ఖాతాదారు సమ్మతితో ఒక సంస్థ దగ్గరున్న ఖాతా సమాచారాన్ని అది కోరిన మరో సంస్థకు చేరవేసే అకౌంట్ అగ్రిగేటర్ అనే భారతీయ ఏర్పాటును చూడాలి. ఖాతాలను చేర్చి చూపే పాత సేవలకున్న పేరే దీనికీ ఉంది, లోపలి నిర్మాణం పూర్తిగా వేరు. 2016 సెప్టెంబరు 2న రిజర్వు బ్యాంకు దీనికి నిబంధనలు రూపొందించింది, సరిగ్గా ఐదేళ్ళకు, 2021 సెప్టెంబరు 2న, ఇది ఆచరణలోకి వచ్చింది. తొలుత లైసెన్సు పొందిన సంస్థల్లో ఒకటైన వన్‌మనీ హైదరాబాద్‌కు చెందినది. ఖాతాదారు పాస్‌వర్డ్, పిన్ లాంటి వాటిని అగ్రిగేటర్ అడగకూడదు, దాచకూడదు అని ఆ నిబంధనలు స్పష్టంగా నిషేధించాయి. లావాదేవీలు జరిపే అధికారం దానికి లేదు. వేరే వ్యాపారం చేయకూడదు. తన గుండా ప్రవహించే సమాచారాన్ని అది చదవలేదు, ఎందుకంటే అందుకునే సంస్థ మాత్రమే విప్పగలిగేలా ఎన్‌క్రిప్ట్ అయి వస్తుంది.

ఇల్లు కొనేవారు ఈసీ తెచ్చుకునే తీరు గుర్తుకు తెచ్చుకుంటే ఇది సులువుగా అర్థమవుతుంది. ఆస్తి మీద తాకట్లు ఉన్నాయో లేదో బ్యాంకుకు తెలియాలంటే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం రికార్డు గది తాళాలు ఎవరూ బ్యాంకుకు ఇవ్వరు. ఫలానా ఆస్తికి, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని దరఖాస్తు పెడితే కార్యాలయమే ధ్రువీకరించిన పత్రం ఇస్తుంది. అకౌంట్ అగ్రిగేటర్‌లో సమ్మతి పత్రం అలాంటి దరఖాస్తే. ఏ ఖాతా, ఏ కాలానికి, ఏ అవసరానికి, ఎవరికి, ఒక్కసారా లేక పదేపదే పంపాలా, అందుకున్నవారు ఎంతకాలం ఉంచుకోవచ్చు, సమ్మతి ఎప్పుడు ముగుస్తుంది అన్నవన్నీ అందులో రాసి ఉంటాయి. బ్యాంకు ఆ పత్రాన్ని చూసి, అడిగినంత మేరకే తన సంతకంతో పంపుతుంది. అప్పు కోసం ఆరు నెలల స్టేట్‌మెంట్ పీడీఎఫ్ తీసి వాట్సాప్‌లో ఏజెంటుకు పంపడం, దాని పాస్‌వర్డ్ పుట్టినతేదీయేనని ఫోనులో చెప్పడం లాంటి పాత తంతుతో పోలిస్తే ఇది ఎన్నో రెట్లు మేలు. పీడీఎఫ్‌లో అంకెలు దిద్దే మోసానికీ అవకాశం ఉండదు. బ్యాంకు డిపాజిట్లతో పాటు షేర్లు, ఫండ్లు, బీమా, పెన్షన్ వివరాలు కూడా దీని పరిధిలోకి వస్తాయి. 2022 నవంబరులో జీఎస్‌టీ నెట్‌వర్క్‌ను చేర్చడంతో చిన్న వ్యాపారి తన అమ్మకాల లెక్కను తాకట్టుకు బదులుగా చూపే అవకాశం వచ్చింది.

ఐరోపా దేశాలు చట్టం ద్వారా ఈ దారికే వచ్చాయి, 2018 జనవరి నుంచి అక్కడ బ్యాంకులు అనుమతి పొందిన సంస్థలకు ఖాతా సమాచారం అందించక తప్పదు. అమెరికా ఇంకా ఊగిసలాడుతోంది. తన ఖాతా సమాచారాన్ని పొందడానికి ఖాతాదారుకు 2010 నాటి చట్టం ఇచ్చిన హక్కుకు 2024 అక్టోబరులో గానీ నియమం రాలేదు. వచ్చిన రోజే బ్యాంకులు కోర్టుకెక్కాయి, 2025లో ఆ నియమాన్ని చేసిన సంస్థే దాన్ని మళ్ళీ పరిశీలించడం మొదలుపెట్టింది. అక్కడున్న తెలుగువారు ఒక యాప్‌లో బ్యాంకును జోడించేటప్పుడు తెర బ్యాంకు సొంత వెబ్‌సైట్‌కు మళ్ళుతోందా, లేక పాస్‌వర్డ్‌ను యాప్ లోపలే అడుగుతోందా అన్నది చూసుకోవాలి. బ్యాంకు సైట్‌కు మళ్ళితే పాస్‌వర్డ్ బ్యాంకు దగ్గరే ఉంటుంది, యాప్‌కు పరిమితమైన అనుమతి మాత్రమే అందుతుంది. బ్యాంకు సైట్‌లోనే ఆ అనుమతిని విడిగా రద్దు చేసుకోవచ్చు.

సమ్మతి పద్ధతిలో లోపాలు లేవనుకుంటే పొరపాటు. మొదటిది, ఖాతాను అగ్రిగేటర్‌కు జోడించేటప్పుడు బ్యాంకు పంపే ఓటీపీని చాలాసార్లు అగ్రిగేటర్ తెరలోనే టైపు చేయాలి. ఆ ఓటీపీతో డబ్బు కదలదు, నిజమే. అయినా బ్యాంకు ఓటీపీని బ్యాంకు కాని చోట రాయడం అనే అలవాటు ఇక్కడా కొనసాగుతోంది. ఓటీపీతో పాటు వచ్చే సందేశంలో అది దేనికోసమో రాసి ఉంటుంది, ఆ ఒక్క వాక్యం చదివే తీరిక చేసుకోవాలి. ఖాతా జోడించడానికని చెప్పి చెల్లింపు ఓటీపీ చెప్పించుకునే మోసానికి అదొక్కటే అడ్డు.

రెండోది బలాబలాలకు సంబంధించినది. కూతురి పెళ్ళికో, ఆసుపత్రి ఖర్చుకో అప్పు అడిగే మనిషికి సమ్మతి ఇవ్వకుండా ఉండే స్వేచ్ఛ ఎంత? మూడు నెలల లెక్క సరిపోయేచోట రెండేళ్ళది అడిగితే కాదనగలిగేది ఎవరు? బ్యాంకు స్టేట్‌మెంట్ జీతం ఒక్కటే చెప్పదు. ఏ డాక్టరు దగ్గరకు వెళ్ళారు, ఏ చిట్టీ కడుతున్నారు, ఏ గుడికి కానుక పంపారు, ఎవరికి నెలనెలా డబ్బు పంపుతున్నారు అన్నీ చెబుతుంది. సమ్మతిని ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు, కానీ రద్దు ఇకపై వెళ్ళేదాన్ని ఆపుతుందే తప్ప వెళ్ళినదాన్ని వెనక్కి తేదు. అగ్రిగేటర్‌కు గుడ్డితనం విధించిన నిబంధనలు అందుకునే సంస్థను అంత గట్టిగా కట్టడి చేయలేవు. అప్పు మంజూరైన తర్వాత కూడా పదేపదే సమాచారం లాగే సమ్మతి అవసరమా అన్నది ఖాతాదారు అడగవలసిన ప్రశ్న. రిజర్వు బ్యాంకు ఇంకా నిక్కచ్చిగా పట్టించుకోవలసిన ప్రశ్న కూడా అదే.

ఇక తెలుగు ఇళ్ళలో పాస్‌వర్డ్ ఎక్కువగా చేతులు మారేది ఏ వెబ్‌సైట్‌తోనూ కాదు, కుటుంబంలోనే. గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉండే తల్లిదండ్రుల పెన్షన్, డిపాజిట్ల లెక్క డాలస్‌లోనో బెంగళూరులోనో ఉన్న పిల్లలు వాళ్ళ నెట్‌బ్యాంకింగ్ పాస్‌వర్డ్‌తో చూస్తుంటారు. ఓటీపీ వస్తే నాన్న ఫోనులో చదివి చెబుతారు. ప్రేమతో, అవసరంతో జరిగే ఈ పనిలో కూడా ఖాళీ చెక్కు లక్షణాలన్నీ ఉన్నాయి. అంతకు మించి, ఫోనులో ఎవరైనా అడిగితే ఓటీపీ చదివి చెప్పడం పెద్దవాళ్ళకు అలవాటుగా మారుతుంది. డబ్బు పంపే అధికారం లేకుండా కేవలం చూసే హక్కుతో నెట్‌బ్యాంకింగ్ ఇచ్చే బ్యాంకులు ఉన్నాయి, శాఖలో అడిగితే ఆ దరఖాస్తు దొరుకుతుంది. పిల్లల పేరు చేర్చి ఉమ్మడి ఖాతాగా మార్చుకోవడం, ఖాతా నడిపే అధికారాన్ని రాతపూర్వకంగా ఇవ్వడం లాంటి దారులూ ఉన్నాయి. అకౌంట్ అగ్రిగేటర్ ద్వారా మాత్రం అమ్మ ఖాతా వివరాలు కూతురికి చేరవు. అక్కడ సమాచారం అందుకోగలిగేది ఆర్థిక రంగ నియంత్రణ సంస్థల పరిధిలో నమోదైన సంస్థ మాత్రమే, కుటుంబ సభ్యులకు అందులో ఇంకా చోటు కల్పించలేదు.